కళ్ళు మూస్తే వచ్చే దేవుడు

పోయిన వారం త్రినాథరావుని మనం సింహాద్రి అప్పన్న పటం ముందు, అరికాలి కింద నిప్పుతో వదిలేశాం. చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆ శనివారం పోర్టు క్వార్టర్లలో భజన జరుగుతోంది. క్రేను డ్రైవరు త్రినాథరావు చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. ఎప్పటిలాగే ఊగాడు, తూలాడు, కుప్పకూలాడు. "అప్పన్న ఒచ్చేడు, అప్పన్న ఒచ్చేడు" అంటూ జనం సాగిలపడ్డారు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చేసి ఉద్యోగాల కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్న అతని సొంతూరి వాళ్ళు, "మా పిల్లడికి పని దొరుకుద్దా సామీ?" అంటూ ఒకరి మీద ఒకరు పడ్డారు. త్రినాథరావు లేచి నిలబడేసరికి, ధూపం వేసే మూకుడులోంచి జారిన నిప్పుకణిక ఒకటి అతని అరికాలి కింద నలిగింది. కాలిన చర్మం వాసన భార్య గంగాభవాని ముక్కుకి తగిలింది గానీ అతను కాలు తీయలేదు. తీయాలని అతనికి తెలియనే లేదు. నిప్పు కూడా కాల్చని దేవుడని జనం చెంపలేసుకున్నారు. అతని తల్లి పోతమ్మ సంబరానికి పట్టపగ్గాల్లేవు.

భవానికి మాత్రం ఆ వాసన ముక్కులోనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర త్రినాథరావు మొహానికి సబ్బు రాసుకుంటూ కళ్ళు మూసుకున్నాడు. బకెట్టు మీద దబ్బున పడ్డాడు. అక్కడ పటం లేదు, హారతి లేదు, భజన లేదు. ఒట్టి నురగ. అప్పన్న సామి రావాలనుకుంటే వచ్చే చోటు అదేనా? ఆ ప్రశ్న భవాని ఎవరినీ అడగలేదు. అడిగితే అత్త నాలిక చీరేస్తుంది. పైగా ఆమెకిప్పుడు ఆరో నెల. అంతకుముందు రెండు కాన్పులూ మట్టిలో కలిశాయి. ఇంట్లో దేవుడు వెలిశాడు గనక ఈ బిడ్డ దక్కుతుందని పోతమ్మ గట్టిగా నమ్మింది. ఆ నమ్మకం పుణ్యమా అని భవానికి కొన్నాళ్ళుగా వేళకి ఇంత తిండి, ఒక మంచి మాట దొరుకుతున్నాయి.

కాలి పుండు మానకపోవడంతో ఆ వంక పెట్టుకుని భవాని మొగుణ్ణి సీతమ్మధారలో డాక్టరు గురునాథరావు దగ్గరికి లాక్కొచ్చింది. పెద్దాసుపత్రిలో నరాల జబ్బులు చూసి చూసి తల నెరిసిన మనిషి ఆయన. పుండు చూశాడు. రక్తం తీయించి మళ్ళీ రమ్మన్నాడు. ఆ మళ్ళీ రావడం ఈ రోజు. దేవుడొచ్చే కొడుకుని కోడలితో ఒంటరిగా పంపడం ఇష్టంలేక పోతమ్మ కూడా వెంట వచ్చింది.

డాక్టరు త్రినాథరావుని బల్ల అంచున కూర్చోబెట్టి కాళ్ళు వేలాడేయమన్నాడు. రబ్బరు సుత్తితో మోకాలి చిప్ప కింద తట్టాడు. కాలు ఎగరలేదు. రెండోదీ అంతే. ఆయన సుత్తిని తన అరచేతిలో తట్టుకుంటూ కాసేపు ఆలోచించాడు. తర్వాత కిటికీ తెర లాగి, టార్చిలైటు తీసి అతని కంట్లోకి వేశాడు.

"సూడండి బాబూ," అంది పోతమ్మ గర్వంగా. "కర్పూరం మొహం మీదకెట్టినా అదే సూపు. మామూలు మనిసి కాడు నా కొడుకు."

"చూస్తున్నానమ్మా," అన్నాడు డాక్టరు. "వెలుగు పడితే ఎవరికైనా కంటిపాప ముడుచుకోవాలి. మీవాడికి ముడుచుకోవడం లేదు. ఏదీ త్రినాథరావ్, నా వేలు చూడు." వేలిని మెల్లగా అతని ముక్కు దాకా తెచ్చాడు. భవాని వంగి చూసింది. వెలుక్కి చలించని ఆ నల్లని చుక్కలు, వేలు దగ్గరికి రాగానే బుద్ధిగా చిన్నవయ్యాయి. అందులో ఏం తప్పుందో ఆమెకి తెలియదు. కానీ ఏదో ఉందని డాక్టరు మొహం చూస్తే తెలుస్తోంది.

"కిందికి దిగు. పాదాలు రెండూ దగ్గర పెట్టి నిలబడు. ఇప్పుడు కళ్ళు మూసుకో."

"బాబూ, బాబూ, ఒద్దు!" పోతమ్మ అడ్డం వచ్చింది. "కళ్ళు మూయించకండి. సామి ఒచ్చేత్తాడు. ఇయ్యాల సెనివారం కాదు, తానాలు సెయ్యనేదు, దీపం నేదు."

"రానీమ్మా. నాకూ చూడాలని ఉంది."

త్రినాథరావు తల్లి వంకా పెళ్ళాం వంకా చూశాడు. కళ్ళు మూశాడు. చూస్తుండగానే అతని ఒళ్ళు ముందుకీ వెనక్కీ ఊగింది. పడబోయేవాణ్ణి డాక్టరు రెండు చేతులా పట్టుకున్నాడు. పోతమ్మ "అప్పన్నా!" అని చేతులెత్తి మొక్కింది.

"కళ్ళు తెరు." తెరిచాడు. రాయిలా నిలబడ్డాడు. "మళ్ళీ మూయి." మళ్ళీ తూలాడు. "తెరు." నిలబడ్డాడు.

డాక్టరు చెప్పినప్పుడల్లా వచ్చి, చెప్పినప్పుడల్లా వెళ్ళిపోయే దేవుణ్ణి భవాని కళ్ళారా చూసింది. ఇన్నాళ్ళూ ఆ దేవుడు ఉన్నాడేమో అని భయపడింది. ఇప్పుడు లేడేమో అని అంతకంటే ఎక్కువ భయమేసింది.

"పెద్దమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి," అన్నాడు డాక్టరు. పోతమ్మ గొణుక్కుంటూ వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చుంది. ఆయన తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"చూడయ్యా. కళ్ళు మూసుకున్నా మన కాళ్ళు ఎక్కడున్నాయో మనకి తెలుస్తుంది. ఆ కబురు వెన్నులోంచి పైకెళ్తుంది. నీకు ఆ దారి పాడైపోయింది. నువ్వు నేలని కళ్ళతో చూసి నిలబడుతున్నావు. కళ్ళు మూస్తే నీ కింద నేలుందో లేదో నీకు తెలీదు. నిప్పు తెలియకపోవడం కూడా అందులో భాగమే. కాళ్ళలో ఉండుండి పోట్లు వస్తాయా, మెరుపు మెరిసినట్టు?"

"ఒత్తాయి బాబూ," అన్నాడు త్రినాథరావు నేలకేసి చూస్తూ. "పేణం తీసేత్తాయి. మల్లీ అంతలోనే పోతాయి."

డాక్టరు భవాని వైపు తిరిగాడు. "ఎన్నో కాన్పమ్మా ఇది?"

"మూడోది బాబుగారూ."

"ముందు పిల్లలు?"

భవాని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ సంగతి ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో. తిట్టినవాళ్ళే గానీ అడిగినవాళ్ళు లేరు. "మొదటిది ఏడో నెల్లోనే పోయి పుట్టింది. రెండోది ఏడిసింది బాబూ. ఆడపిల్ల. ముక్కు దిబ్బడేసి పాలు తాగనేకపోయేది. అరిసేతులు, అరికాళ్ళు పొరలు పొరలుగా ఊడిపోయేవి. పురిటి నీళ్ళు పోయకముందే..."

 డాక్టరు సుత్తి బల్ల మీద పెట్టి, అద్దాలు తీసి తుడుచుకున్నాడు. మాట కోసం వెతుక్కుంటున్న మనిషిలా అదే అద్దాన్ని మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

"త్రినాథరావ్, నీ రక్తంలో సిఫిలిస్ తేలింది. మీరు సవాయి అంటారే, అదే."

గదిలో పంకా తిరుగుతూనే ఉంది. ఆ మాట భవాని విననిది కాదు. హార్బరు వైపు ఆడవాళ్ళు తగువులాడుకుంటే ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునే మాట. అది మనుషులకి నిజంగా వస్తుందని, వచ్చిన మనిషి పక్కన తాను ఇన్నేళ్ళు పడుకుందని, తోచేసరికి ఆమెకి కుర్చీలో వెనక్కి జరగాలనిపించింది. జరిగింది కూడా. త్రినాథరావు చూశాడు.

"అది ఎప్పుడో ఒంట్లో చేరింది. పైకి మానిపోయి లోపల పాకింది. ఇప్పుడు నరాల్లోకి, వెన్నులోకి దిగిందని నా అనుమానం. తేల్చుకోవాలంటే నడుం దగ్గర సూది వేసి వెన్నులో నీరు కొంచెం తీసి పరీక్ష చేయాలి. పెద్దాసుపత్రిలో చేరాలి. తర్వాత పెన్సిలిన్ సూదులు. పాడైన దారి పూర్తిగా బాగవుతుందని చెప్పలేను. ఇంకా పాడవకుండా ఆపొచ్చు." కొంచెం ఆగాడు. "కానీ నాకిప్పుడు తొందర నీ గురించి కాదు. ఈ అమ్మ గురించి. ఈమె రక్తం ఈ రోజే తీయాలి. ఈమెకీ ఉంటే బిడ్డకి అందుతుంది. ముందు పోయిన ఆ ఇద్దరు పిల్లలకీ అలాగే అందుంటుంది. ఇప్పుడు సూదులు మొదలుపెడితే ఈ బిడ్డ దక్కుతుందని నాకు ఆశ ఉంది. ఆలస్యం చేస్తే ఆ మాట కూడా చెప్పలేను. నేను ఆసుపత్రికి ఫోను చేసి వస్తాను. ఈలోగా మీరిద్దరూ మాట్లాడుకోండి."

ఆయన పక్కగదిలోకి వెళ్ళాడు. మొగుడూ పెళ్ళాలు మిగిలారు.

భవాని కడుపు మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది. బయట వరండాలో అత్త ఎవరో రోగి చుట్టంతో కొడుకు మహిమలు చెబుతోంది, గొంతు తలుపు సందులోంచి వినిపిస్తోంది.

"ఎక్కడ మావా?" అంది చివరికి.

"కలకత్తాలో. ఓడ మీద కలాసీగా ఉన్నప్పుడు. మన పెళ్ళికి ముందు," అన్నాడు త్రినాథరావు. "పుండొకటి ఒచ్చింది. నొప్పి నేదు. రేవు కాడ కాంపౌండరు సూదేసి మల్లీ రమ్మన్నాడు. ఓడ కదిలిపోయింది. పుండు దానంతటదే మానిపోయింది. ఇంకేటి భయమనుకున్నాను."

"అప్పుడు నీకు తెలీదు. సరే. ఆ తరవాత?"

అతను జవాబు చెప్పలేదు. భవాని మొహం ఎత్తి అతన్ని చూసింది. పన్నెండేళ్ళ కాపురంలో ఆ మొహంలో ఏ మౌనానికి ఏ అర్థమో ఆమెకి కంఠోపాఠం.

"నీకు తెలుసు," అంది మెల్లగా. "మావా, నీకు ముందే తెలుసు."

"రెండో బిడ్డ పోయినప్పుడు..." త్రినాథరావు బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాడు. "ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిసింది. రగతం సూసేరు. ఇలగని సెప్పింది. ఇద్దరూ సూదులేయించుకోవాల, నీ పెళ్ళాన్ని తీసుకురా అంది."

"మరి నన్నెప్పుడు తీసుకెల్లేవ్?"

"అమ్మకి తెలిసిపోద్దని... నువ్వు నా మొకం సూడవని... ఇయ్యాల ఎల్దాం, రేపెల్దాం అనుకుంటా ఉండిపోనాను భవానీ. అప్పటికి కాళ్ళు బాగానే ఉన్నాయి. పనికెల్తన్నాను. తగ్గిపోయిందేమో అనుకున్నాను."

ఆ బిడ్డ పోయిన నెలలోనే అత్త తనని సింహాచలం కొండకి తీసుకెళ్ళింది. కడుపు చెడ్డదని మెట్టుమెట్టుకీ తిడుతూ ఎక్కించింది. పిల్లలు కలగాలని అందరూ మొక్కే కప్పస్తంభాన్ని కావలించుకోమంది. ఆ రాతి స్తంభానికి చెంప ఆనించి, నా పాపమేదో చెప్పు స్వామీ, నేనేం తప్పు చేశానో చెప్పు అని భవాని వెక్కివెక్కి ఏడ్చింది. పక్కనే కొబ్బరికాయల సంచీ పట్టుకుని త్రినాథరావు నిలబడ్డాడు. అప్పటికే అతనికి తెలుసు. తెలిసి, తాను ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. కిందికి దిగేటప్పుడు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టాడు కూడా.

ఇదంతా గుర్తుకొచ్చి భవానికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. కోపం వెనకే మళ్ళీ భయం వచ్చింది, ఎందుకంటే కడుపులో బిడ్డ పొద్దుట్నుంచీ కదల్లేదని అప్పుడే ఆమెకి స్ఫురించింది.

"డాక్టరు బాబు రాగానే సెయ్యి సాపుతాను," అంది.

"భవానీ, నా మాటిను. ఆ సూదులేవో నానొక్కణ్ణే ఏయించుకుంటాను. ఆసుపత్రిలో ఇద్దరం సేరితే మనోళ్ళు ఊరుకుంటారా? ఏ జబ్బని అడగరా? సవాయని సెప్పమంటావా? రేపు సెనివారం ఊర్నుంచి మనుసులొత్తారు. నా కాళ్ళట్టుకునే మనుసులు. ఆళ్ళకేటి సెప్పను? బిడ్డ పుట్టేక నిన్ను తీసుకెల్తాను, అప్పన్న మీదొట్టు."

"ఏ అప్పన్న మావా? కళ్ళు మూత్తే ఒత్తాడు, ఆయనేనా?" అంది భవాని. "ఇద్దర్నీ మన్నులో ఎట్టేను. ఇంక నాకు దాసుకునే పరువేటుంది?"

ఆ మాట కొంచెం గట్టిగానే వచ్చింది. తలుపు తెరుచుకుంది. పోతమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. వరండాలో కబుర్లు ఎప్పుడు ఆగిపోయాయో ఇద్దరూ గమనించలేదు.

"ఏటే ఆసుపత్రి? ఏటే సూదులు?" పోతమ్మ లోపలికొచ్చింది. "సవాయన్న మాట ఇన్నాను. నా సెవుల్తో ఇన్నాను. ఎవరికే?"

 చెప్పాల్సిన మనిషి ఎదురుగా ఉన్నాడు. భవాని అతని వంకే చూసింది. త్రినాథరావు బల్ల దిగి నిలబడ్డాడు. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఆ సందు చాలు పోతమ్మకి.

"నాకు తెలుసే! దేవుడొచ్చే మనిసికి పాడు రోగాలొత్తాయా? నువ్వే తెచ్చుంటావ్! రెండు కాన్పులూ మన్నుపాలయినప్పుడే అనుకున్నాను, దీని ఒంట్లోనే ఏదో ఉందని. ఇప్పుడు నా కొడుక్కంటించేవ్!" కొడుకు వైపు తిరిగింది. "సెప్పరా నాయినా. ఇది తెచ్చిందే కదా? ఒక్క మాట సెప్పు, ఇక్కడే దీన్ని ఒదిలేసి పోదాం."

త్రినాథరావు తల్లిని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. ఆమె కడుపుని చూశాడు. ఒక్క మాట. కాదమ్మా, నేనే అంటే చాలు. భవాని ఆ ఒక్క మాట కోసం చూసింది. చెడ్డవాడు కాదు, కొట్టి ఎరగడు, జీతం డబ్బులు తెచ్చి చేతిలో పెట్టే మనిషి. ఈ ఒక్కసారి చెబితే కప్పస్తంభాన్ని కూడా మర్చిపోదామనుకుంది.

అతను రెండు పాదాలూ దగ్గరికి జరిపాడు. చేతులు జోడించాడు. కళ్ళు మూసుకున్నాడు.

అతని ఒళ్ళు ఊగడం మొదలైంది. భవానికి ముందు అర్థం కాలేదు. అంతలోనే అయింది. కళ్ళు మూస్తే పడతానని అతనికి ఇప్పుడు తెలుసు. డాక్టరు ఇందాకే విప్పి చెప్పాడు. తెలిసే మూశాడు. చేతికందేంత దూరంలోనే ఉన్నా ఆమె చెయ్యి చాచలేదు. త్రినాథరావు మందుల బీరువాకి తగిలి నేల మీద పడ్డాడు.

"అప్పన్నా! సింహాద్రప్పన్నా!" పోతమ్మ కొడుకు పాదాల మీద పడింది. "తప్పయిపోనాది సామీ, నీ ముందర పాడు మాట అనేను. సెంపలేసుకుంటన్నాను సామీ!"

ఆ చప్పుడికి గురునాథరావు పరుగున వచ్చాడు. నేల మీద కొడుకునీ, కొడుకు కాళ్ళు పట్టుకున్న తల్లినీ, కుర్చీ పక్కన నిలబడి ఉన్న భవానినీ చూశాడు.  త్రినాథరావుని లేపి బల్ల మీద కూర్చోబెట్టాడు.

"బాబుగారూ," అంది భవాని. ఎడమ చెయ్యి చాచింది. "నా రగతం తీయండి."

"ఒలే!" అని పోతమ్మ లేవబోయింది.

"అత్తా, నువ్వుండు," అంది భవాని. ఈ ఇంటికి కోడలై వచ్చాక ఆమె అత్తతో అలా అనడం అదే మొదటిసారి. చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు. పోతమ్మ మళ్ళీ కొడుకు కాళ్ళ దగ్గరే కూలబడింది.

డాక్టరు రబ్బరు గొట్టం బిగించి రక్తం తీశాడు. దూది నొక్కి పట్టుకోమని, మామూలుగా అడిగినట్టే అడిగాడు. "నీకు కూడా కాళ్ళలో పోట్లు వస్తుంటాయామ్మా?"

భవాని దూది నొక్కుతూ ఆగిపోయింది. వస్తున్నాయి. కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలేనని పక్కింటావిడ అంటే ఊరుకుంది. మొన్న కరెంటు పోయినప్పుడు వంటింటి గడప తన్నుకుని పడబోయింది. అది చీకటి వల్లే అనుకుంది. "అప్పుడప్పుడు," అంది. ఆ మాట తన నోట్లోంచి కాకుండా వేరే ఎవరి నోట్లోంచో వచ్చినట్టు వినబడింది.

ఆయన టార్చి తీశాడు. ఒక కంట్లో వేశాడు, రెండో కంట్లో వేశాడు. మళ్ళీ మొదటి కంట్లో వేశాడు. త్రినాథరావుకి రెండుసార్లు చూడలేదు కదా, నాకెందుకు చూస్తున్నారు అని అడగబోయి మానేసింది.

"లేచి నిలబడమ్మా. పాదాలు రెండూ దగ్గరగా పెట్టు."

నిలబడింది. ఎదురుగా బల్ల మీద మొగుడు తల వంచుకుని ఉన్నాడు. అతని కాళ్ళ దగ్గర అత్త ఇంకా చేతులు జోడించే ఉంది, కానీ చూపు మాత్రం కోడలి మీద ఉంది.

"ఇప్పుడు కళ్ళు మూసుకో."

భవాని కళ్ళు మూయలేదు. గోడ మీద క్యాలెండరుని, కిటికీ ఊచల్ని, తన పసుపు రాసిన పాదాల్ని, వాటి కింద గచ్చుని బాగా చూసుకుంది. ఆ గచ్చు అక్కడే ఉండాలి, ఎక్కడికీ పోకూడదు అని మనసులో అనుకుంది. ఏ దేవుడితో అనుకుందో ఆమెకే తెలియదు.

కళ్ళు మూసింది.

చీకటి. పంకా చప్పుడు. వేళ్ళతో నేలని వెతుక్కుంది. సరిగ్గా అప్పుడే, పొద్దుట్నుంచీ ఉలుకూ పలుకూ లేని బిడ్డ కడుపులో ఒక్క తన్ను తన్నింది. ఏం కదిలిందో, బిడ్డ కదిలిందో తానే కదిలిందో తేల్చుకునేలోగా డాక్టరు చెయ్యి గట్టిగా ఆమె భుజం పట్టుకుంది.

పడిపోతుంటే ఆపిన చెయ్యో, చాల్లే అమ్మా అని చెబుతున్న చెయ్యో తెలియాలంటే కళ్ళు తెరవాలి. తెరవడానికి భవానికి ధైర్యం చాల్లేదు.